కంగారేం లేదు

“కంగారేం లేదు మేడమ్, నిదానంగా చూసుకోండి,” అన్నాడు ఆసిఫ్, నల్లటి సన్నపాటి లాప్‌టాప్‌ను గాజుబల్ల మీద నావైపు జరుపుతూ. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. తొందరేం లేదనొచ్చు, టైముందనొచ్చు, టీ తాగుతారా అనొచ్చు, కొట్టువాళ్ళకు మాటలు తక్కువా. నరసరావుపేట మల్లమ్మ సెంటర్ దగ్గర ఇరుకు మెట్లెక్కి వచ్చే ఈ మేడమీది కొట్టులో ఏసీ చల్లగా వీస్తోంది, పక్కనే మా బావ ఒక లాప్‌టాప్ మూత తెరుస్తూ ఇంకోదాని మూత మూస్తూ నిలవలేక నిలబడి ఉన్నాడు, కింద రోడ్డు మీది ఆటోల హారన్లు గాజు తలుపు అవతలే ఆగిపోతున్నాయి. నేనూ ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కంగారేం లేదు. అది నా మాట. కొన్నాళ్ళుగా మా ఊరు గురజాలలో ఎవరడిగినా నేను చెబుతున్న మాట. మీ ఆయన హైదరాబాదు కంపెనీలో చేరతన్నాడంట గదే, ఊరూరా తిరుగుడేనంట గదా, నిన్నూ పిల్లనూ ఇక్కడే ఉంచుతాడంట, ఎట్టా ఉంటావే, అంటారు. కంగారేం లేదు పిన్నీ, ఫోనుంది గదా, అంటాను. అని చీపురు తీసుకుంటాను, లేకపోతే బిందె తీసుకుంటాను. చేతిలో ఏదో ఒకటి ఉంటే మొహం దానంతటదే సర్దుకుంటుంది. ఇక్కడ చేతిలో ఏమీ లేదు. చేతిసంచి ఒకటి ఉంది, దాని తోలుపట్టీని వేలికి చుట్టి విప్పుతున్నాను.

బావంటే నా మొగుడు యోగేశ్. మా మేనత్త కొడుకు. నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా మా నాయనకు జబ్బు చేసి, పిల్ల పెళ్ళి కళ్ళతో చూసుకుంటానంటే, పుస్తకాలు అటక మీద పెట్టి బావ పక్కన పీటల మీద కూర్చున్నాను. బావ ఇళ్ళ బొమ్మలు చేస్తాడు. ఎవరన్నా స్థలం కొలతలు తెచ్చి ఇస్తే కంప్యూటర్లో గోడలు లేపి, రంగులేసి, మెట్ల పక్కన పూలకుండీలు పెట్టి, గేటు ముందు కారు నిలబెట్టి, ఇంకా పునాది కూడా తియ్యని ఇంటి మీద సాయంత్రపు ఎండ పడేట్టు చేస్తాడు. అది చూసినప్పుడు ఇంటివాళ్ళ మొహాలు చూడాలి. ఆ పనికని మా ముందుగదిలో పెద్ద కంప్యూటర్ ఉంది, బల్ల కింద బియ్యం డబ్బా అంత నల్లటి పెట్టె, లోపల నీలం లైట్లు, గిరగిరా తిరిగే ఫ్యాన్లు. అది కదలదు. అది కదలదు కాబట్టి బావ కూడా కదిలేవాడు కాదు. వంటింట్లోంచి బావా, అన్నం, అంటే ముందుగదిలోంచి ఊఁ అని వినపడేది. ఆ ఊఁ చాలు నాకు. ఇప్పుడు ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీ ఒకటి రమ్మంది. కొనేవాళ్ళ ముందు కూర్చోవాలంట, వాళ్ళు గోడ రంగు బాగాలేదంటే అక్కడికక్కడే మార్చి చూపించాలంట. ఇవాళ హైదరాబాదు, రేపు బెంగళూరు, ఆ తర్వాత ఇంకెక్కడో. వస్తాడో రాడో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నారు. “సరైన మిషన్ దొరికితే వస్తానని చెప్పేస్తా,” అన్నాడు బావ పొద్దున బస్సెక్కుతూ. అంటే ఈ గాజుబల్ల మీద తేలేది లాప్‌టాప్ ఒక్కటే కాదు. కొన్నాళ్ళు పోయాక మిమ్మల్ని కూడా తీసుకెళ్తా, అని కూడా అన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని నేను అడగలేదు. అడగడానికి నోరు తెరిచాను, తెరిచిన నోట్లోంచి ఆ మాటే వచ్చింది, కంగారేం లేదు బావా, నువ్వు పోయి రా, అని.

అతనికి కావలసింది గేమింగ్ లాప్‌టాపంట. ఆ పేరు మొదటిసారి విన్నరోజు మా అత్త కోటేశ్వరమ్మ ఊరుకుందా, వాకిట్లో నలుగురూ వినేట్టు మొదలుపెట్టింది. “గేమింగ్ అంటే ఆటలాడుకునేదంటగా? ఆడపిల్ల తండ్రి, సంచిలో ఆటసామాను పెట్టుకుని ఊరూరా తిరిగి ఆడుకుంటాడంటమ్మా!” “ఆటలకు కాదే అమ్మా,” అన్నాడు బావ తల పట్టుకుని. “ఆటల మిషన్లోనే బొమ్మలు గబగబా కదిలే కార్డు ఉంటది. అది లేకపోతే తెర మీద ఇల్లు తిరగదు.” “ఇల్లు తిరిగితే కళ్ళు తిరగవంట్రా?” అంది అత్త. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. వానాకాలం తర్వాత అదే మొదటిసారి నేను నవ్వడం. నవ్వి, వెంటనే లోపలికెళ్ళి, ఎవరన్నా చూశారేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చూసేవాళ్ళెవరున్నారు, గోడకు ఆనించి పెట్టిన ఊయల కర్రలు తప్ప.

“ఇది బండన్నా,” అంటున్నాడు ఆసిఫ్, లావుపాటి దాని వీపు మీద తడుతూ. “ఎంత పనిచ్చినా లొంగదు. కాకపోతే మోయాలి. చార్జరే ఇటుకంత ఉంటది. ఇంక ఇదేమో నాజూకు. బస్సులో, రైల్లో, ఎక్కడికన్నా సంచిలో ఉందో లేదో కూడా తెలీదు. పని మరీ ఎక్కువైతే వేడెక్కుద్ది, అంతే.” బావ రెండింటినీ మార్చి మార్చి ఎత్తి చూస్తున్నాడు, బజారులో పుచ్చకాయలు ఎత్తి చూసినట్టు. నేను నా లెక్కలు వేసుకుంటున్నాను. బరువుదైతే భుజం నొప్పెట్టి ఇంటి దగ్గర ఎక్కువ రోజులు ఉంటాడేమో. తేలికదైతే ఎటుపడితే అటు పోతాడు. సంచిలో ఉందో లేదో తెలియనంత తేలిక అంటే, ఇంట్లో మనుషులున్నారో లేదో కూడా తెలియకుండా పోతుందేమో. ఇవన్నీ పిచ్చి లెక్కలని నాకు తెలుసు. పిడుగురాళ్ళ దాటుతున్నప్పుడు బస్సు అద్దం మీద సున్నపు దుమ్ము పడుతుంటే, ఆ తర్వాత కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటుకు బస్సంతా తుమ్ముతుంటే, నేను ఇవే లెక్కలు వేసుకుంటూ వచ్చాను. బావ ఫోన్లో ఎవరో కుర్రాడు ఈ లాప్‌టాప్‌ల గురించి ఇంగ్లీషులో దంచుతున్న వీడియో చూస్తూ వచ్చాడు. బస్టాండులో దిగాక ఆటో అతను దగ్గరి దారిన పోబోతుంటే, అటు వద్దు, చుట్టూ తిప్పి తీసుకెళ్ళు, అన్నాడు. అటెందుకు వద్దో ఆటో అతనికి తెలీదు. నాకు తెలుసు. అటు ఆ ఆసుపత్రి ఉంది. దాని ముందు మందుల కొట్టు, పక్కన కొబ్బరిబొండాల బండి, పై అంతస్తులో మూసే ఉండే కిటికీలు. బావ నావైపు చూడలేదు, నేనూ అతనివైపు చూడలేదు, ఇద్దరం ఆటో అతని వీపు చూస్తూ కూర్చున్నాం. అప్పుడు నాకు అనిపించింది, ఇతను ఉద్యోగానికి పోవడం లేదు, ఆ ముందుగదిలోంచి పోతున్నాడు, ఊయల కర్రల ముందునుంచి పోతున్నాడు, నా మొహం ముందునుంచి పోతున్నాడు, దానికే తేలికగా ఉండే మిషన్ వెతుక్కుంటున్నాడని.

ఇల్లు తిరుగుతుందో లేదో చూద్దామని బావ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఒకదాని తర్వాత ఒకదానికి పెట్టాడు. “చానా బరువైన ఫైలు భాయ్ ఇది. దీన్ని తిప్పిందంటే ఇంక దేన్నైనా తిప్పుద్ది.” నాజూకుదానిలో ఫ్యాను మొదలైంది. మొదట ఏమీ లేదు, తర్వాత సన్నగా, తర్వాత ఇంకొంచెం గట్టిగా, లోపల ఎవరో చిన్నవాళ్ళు ఊపిరి తీసుకోలేక తీసుకుంటున్నట్టు. “కొంచెం ఆయాసపడతది, మళ్ళీ సర్దుకుంటది,” అన్నాడు ఆసిఫ్. ఆయాసం అని డాక్టరమ్మ కూడా అంది. నెలలు నిండకముందే వచ్చేశాడు, ఊపిరితిత్తులు ఇంకా పండలేదు, కొంచెం ఆయాసం ఉంది, అంది. మేనరికమా అని అడిగింది, అవునంటే రాసుకుంది. మగపిల్లాడు. పేరు పెట్టలేదు. పేరు పెట్టేదాకా ఉండలేదు. పెట్టెలో పెట్టారంట, అని మా ఊళ్ళో అందరూ అనుకున్నారు. గాజు పెట్టె, పైన వెచ్చటి దీపం, ముక్కులో సన్న గొట్టం, కాలికి ఎర్రగా వెలిగే చిన్న క్లిప్పు. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోవడం, పైకి రావడం. పెట్టెకు రెండు గుండ్రటి కంతలుండేవి, వాటిలోంచి సిస్టర్ల చేతులు వెళ్ళేవి, నా చెయ్యి కాదు. నేను ఆకుపచ్చ గౌను వేసుకుని, కోత నొప్పికి వంగిపోయి, పెట్టె అద్దం ఇవతల నిలబడేదాన్ని. లోపలికి పంపేముందు అత్త ప్రతిసారీ చెప్పేది, “ఏడవబాకే వేణీ. కంగారు పడబాక. కంగారు పడే తల్లుల్ని లోపలికి రానియ్యరంట. కంగారు పడితే పాలు కూడా రావు.” నేను చానా జాగ్రత్తగా ఉండేదాన్ని. మెట్ల దగ్గరే కళ్ళు తుడుచుకుని, మొహం గట్టిగా పెట్టుకుని, పరీక్షకు వెళ్ళే పిల్లలాగా వెళ్ళేదాన్ని.

ఆ రోజు పిల్లాడు బాగున్నాడు. గొట్టం తీసేశారు. కళ్ళు తెరిచి దీపంవైపు చూస్తున్నాడు. సిస్టర్ కేరళ పిల్ల, మంచి పిల్ల, తెలుగు ఒక్కో మాట ఏరుకుని మాట్లాడేది. నా దగ్గరికి వచ్చి నవ్వుతూ, “అమ్మా, కంగారూ? ఓకేనా?” అంది. చివర కొంచెం సాగదీసింది, వాళ్ళ యాస అనుకున్నాను. నా మొహంలో కనిపించేసిందనుకున్నాను, ఇంక లోపలికి రానివ్వరనుకున్నాను. తల అడ్డంగా ఊపాను, రెండుసార్లు ఊపాను. “లేదు సిస్టర్, కంగారేం లేదు. వద్దు, వద్దు, కంగారేం లేదు,” అన్నాను, నవ్వి కూడా చూపించాను. ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసి, “సరే అమ్మా, రేపు,” అని వెళ్ళిపోయింది. పక్క పెట్టె దగ్గర దాచేపల్లి పిల్ల ప్రశాంతి ఉండేది, ఆమెకు ఆడపిల్ల. సిస్టర్ ఆమెను కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టి, ఆ పిల్లను తీసి ఆమె గౌను లోపల, రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టింది. పైన దుప్పటి కప్పింది. ప్రశాంతి కళ్ళు మూసుకుంది. నేను పెట్టె అద్దంలోంచి చూసి, వాళ్ళ పిల్ల గట్టిపడింది కాబోలు, మా వాడు కూడా గట్టిపడితే నాకూ ఇస్తారు, అనుకున్నాను. సంతోషంగానే అనుకున్నాను. మెట్లు దిగుతూ అత్తకు చెప్పాను, నేనేం కంగారు పడలేదత్తా, అని.

ఆ రాత్రే వాడికి మళ్ళీ ఊపిరి మిషన్ పెట్టారు. పెట్టాక ఇంక తియ్యలేదు. తెల్లారి బాలింతల గదిలో ప్రశాంతి నా మంచం మీద కూర్చుని జడ వేసుకుంటూ అడిగింది, “నిన్ను కంగారూకి పిలవలేదా అక్కా?” అని. నేను అర్థంకాక చూశాను. “భయం కంగారు కాదక్కా! జంతువు. పొట్టకు సంచి ఉంటది, పిల్లను దాంట్లో పెట్టుకుని ఎగురుకుంటా పోద్ది, చూళ్ళేదూ టీవీలో? దాని పేరు కంగారూ. అట్టా బిడ్డను ఒంటికి ఆనించుకోమంటారు. తల్లి వేడికి ఊపిరి బాగా ఆడుద్దంట.” ఆ జంతువు నాకు తెలుసు. ఇంట్లో మా అమ్మాయి హాసిని ఏబీసీడీల చార్టులో ‘కె’ దగ్గర ఉన్నది అదే. గోడకు అంటించింది నేనే. రోజూ పిల్లను ఎత్తుకుని వేలితో చూపించి, కె ఫర్ అని నేనంటే, పిల్ల కంగారూ అనేది. పరీక్షలో వచ్చిన మాటే తెలియనట్టు రాసి వచ్చినవాళ్ళు ఎట్లా ఉంటారో నాకు తెలీదు, పదో తరగతి దాటాక నేను ఏ పెద్ద పరీక్షా రాయలేదు. పిలిచారు, అని మాత్రం ప్రశాంతితో అన్నాను. తర్వాత వాణ్ణి నా చేతికిచ్చారు. తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చారు. తర్వాత ఇవ్వడం వేరు. అయినా నా అరచెయ్యి వాడి మెడ కిందికి వెళ్ళింది, తల జారకుండా. మొయ్యడానికి ఏమీ లేదు. బావ నా ముందు నిలబడి, “ఒక్కసారన్నా తల్లి ఒళ్ళో పెట్టలేదు వీళ్ళు, ఒక్కసారన్నా,” అని గోడకేసి గుద్దుకున్నాడు. ఇప్పటికీ అంటాడు, ఎప్పుడన్నా. నేను అప్పుడు చీపురన్నా తీసుకుంటాను, బిందెన్నా తీసుకుంటాను.

“నువ్వు కూడా ఎత్తి చూడవే వేణీ,” అన్నాడు బావ నాజూకుదాన్ని రెండు చేతులతో నాకందిస్తూ. “దీని ముందు అదెందుకు పనికొచ్చిద్ది? చూడు ఎంత తేలికో.” అందుకున్నాను. ఎడమ అరచెయ్యి కిందికి వెళ్ళింది. కుడిచెయ్యి పక్కన ఆనింది. నేను చేయించలేదు, చేతులే అట్లా పట్టుకున్నాయి. స్టూలు మీద కూర్చుని ఒడిలో పెట్టుకున్నాను. “ఒళ్ళో పెట్టుకోకండి మేడమ్,” అన్నాడు ఆసిఫ్ వెంటనే. “గాలి కిందినుంచి లాగుద్ది, ఒళ్ళో పెడితే దానికి ఊపిరాడదు. వేడెక్కుద్ది.” మొన్న హాసిని బడి నుంచి వచ్చి గొప్పగా చెప్పింది, అమ్మా, ల్యాప్ అంటే ఒడి, టాప్ అంటే పైన, మా టీచర్ చెప్పింది, అని. ఇన్నేళ్ళూ లాప్‌టాప్ అంటే లాప్‌టాపే అనుకున్నాను, దాంట్లో ఒడి ఉందని నాకు తెలీదు. ఒడి పేరు పెట్టుకుని ఒడిలో పెట్టుకోకూడనిది. ఎవరికి చెబితే నమ్ముతారు. తెర మీద ఇల్లు తిరుగుతూనే ఉంది, కింద వెచ్చదనం చీరలోంచి తొడలకు తగులుతోంది, ఫ్యాను సన్నగా ఊపిరి తీస్తోంది, తీస్తోంది.

అప్పుడు చూశాను, అది ఏ ఇల్లో. ముందు గుర్తుపట్టలేదు, ఎవరిదో పెద్దవాళ్ళ ఇల్లనుకున్నాను. గేటు పక్కన గోరింట చెట్టు చూసి గుర్తుపట్టాను. అది నేను పెట్టించిందే. కడుపుతో ఉన్నప్పుడు బావ కుర్చీ వెనక నిలబడి, గోరింట చెట్టు పెట్టు బావా, వంటింటికి కిటికీ పెద్దది పెట్టు, మెట్ల కింద బీరువా కాదు, పిల్ల దాక్కునే చోటు పెట్టు, అని రోజూ సతాయించేదాన్ని. స్థలం లేదు, డబ్బు లేదు, ఇల్లు మాత్రం రోజూ పెరిగేది. చానా బరువైన ఫైలు అన్నది ఇదా. ఇన్ని నెలలు దీన్ని దాచుకుని, జేబులో పెట్టుకుని, ఇంత దూరం తెచ్చాడా. తెర మీద చూపు గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది, హాలు, వంటిల్లు, పెద్ద కిటికీలోంచి పడే ఎండ, మెట్లు, మెట్ల కింద చిన్న చోటు. మేడ మీదికి ఎక్కింది. ఎడమవైపు గది తలుపు దగ్గరకు వచ్చింది. ఆ గదిలో నీలం గోడ ఉంటుంది, ఊయల ఉంటుంది, నాకు తెలుసు, ఊయలకు కర్రలు కాదు గొలుసులు కావాలని అడిగింది నేనే. చదరాలు చదరాలుగా బొమ్మ తేరుకుంటోంది, తలుపు అంచు తేరుకుంది, లోపలి గోడ మొదలైంది. బావ చెయ్యి చటుక్కున నా ఒడిలోకి వచ్చి ఒక మీట నొక్కింది. ఇల్లు ఆగిపోయింది. “చాల్లే భాయ్,” అన్నాడు. “లోపలికి వద్దు. బయటినుంచి చూస్తే తెలిసిపోద్ది.” ఆసిఫ్ తెర చూస్తున్నాడు కానీ నేను బావ చెయ్యి చూశాను. మీట మీద ఉన్న వేలు ఇంకా తియ్యలేదు, నొక్కిపట్టే ఉంచాడు. ఆటోలో అటు వద్దు అన్నవాడు. గోడకేసి గుద్దుకున్నవాడు. ఆ గది దాకా వచ్చి లోపలికి వెళ్ళలేక, ప్రతిసారీ తలుపు దగ్గరే మీట నొక్కుకుంటూ బతుకుతున్నవాడు. నా మొహం ముందునుంచి పారిపోతున్నాడని ఎందుకనుకున్నాను. ఇతని మొహాన్ని నేను ఎన్నాళ్ళయింది చూసి.

బావ తలెత్తాడు. నన్ను చూశాడు, నా ఒడిని చూశాడు, లాప్‌టాప్ కింద ఉన్న నా ఎడమ అరచేతిని చూశాడు. అట్లా పట్టుకున్న చెయ్యి అతనికి తెలుసు, ఆ రోజు నా ముందే నిలబడ్డాడు కదా. అతని మొహంలో ఏదో కదిలి, మళ్ళీ నిలబడింది. “ఏందే వేణీ,” అన్నాడు, ఆసిఫ్‌కు వినపడనంత మెల్లగా. “నేను పోతానంటే... కంగారుగా ఉందా?”

మాట నోట్లో తయారుగానే ఉంది. ఊరందరికీ చెప్పి చెప్పి నున్నబడిన మాట. తల కూడా అప్పుడే అడ్డంగా ఊగబోయింది, మొహం గట్టిపడబోయింది, మెట్ల దగ్గర కళ్ళు తుడుచుకునే చెయ్యి కళ్ళవైపు లేవబోయింది. లేవలేదు, దాని మీద బరువుంది. నా కళ్ళ ముందు ఆ సిస్టర్ నవ్వుతూ నిలబడే ఉంది. దీపం వెచ్చగా వెలుగుతూనే ఉంది. వాడు కళ్ళు తెరిచి చూస్తూనే ఉన్నాడు. ఎవరో అడిగారు, నేను జవాబు చెప్పాలి.

“ఉంది,” అన్నాను. “ఉంది బావా. చానా ఉంది. ఇయ్యమను.”

ఇయ్యమను అని ఎందుకన్నానో అతనికి తెలీదు. ఏంది ఇచ్చేది, ఎవరు ఇచ్చేది అని అడగలేదు. లాప్‌టాప్ తీసుకుందామని ముందుకు చాపిన చేతులు సగంలో ఆగిపోయాయి. ఫ్యాను ఇంకా తిరుగుతోంది. “మేడమ్, వేడెక్కుద్ది, బల్ల మీద...” అంటూ ఆసిఫ్ ఇటు రాబోయాడు.

“ఉండనియ్యి భాయ్,” అన్నాడు బావ. ఇంకో స్టూలు లాక్కుని, మోకాలికి మోకాలు ఆనేట్టు నా పక్కన కూర్చున్నాడు. “కాసేపు ఒళ్ళోనే ఉండనియ్యి.”